మిగిలిపోయిన చేతిపని సామగ్రికి బెంగళూరులో ఒక కేంద్రం నడపడం ఎలా

మగ్గం పని నేర్చుకుందామని కొన్న జరీ దారంలో సగానికి పైగా మిగిలిపోతుంది. పిల్లవాడి స్కూలు ప్రాజెక్టు కోసం 12 రంగుల చార్టులు తెస్తే మూడే ఖర్చవుతాయి. అమ్మ కుట్టుమిషను అమ్మేసిన తరువాత కూడా ఆమె గుండీల డబ్బా అటక మీదే ఉంటుంది. వీటిని పారేయడానికి చేతులు రావు, వాడుకోవడానికి తీరిక దొరకదు. అదే వీధి చివర అంగన్‌వాడీలో మాత్రం టీచరు పాత క్యాలెండరు కాగితాల వెనుక వైపున పిల్లల చేత బొమ్మలు గీయిస్తూ ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఒక గది ఏర్పాటు చేసి, మిగిలినవారి దగ్గర తీసుకుని, శుభ్రపరచి, వేరుచేసి, కావలసినవారికి అందించడమే చేతిపని సామగ్రి పునర్వినియోగ కేంద్రం చేసే పని.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 1976లోనూ, న్యూయార్క్‌లో 1978లోనూ ఇటువంటి కేంద్రాలు మొదలై నేటికీ నడుస్తున్నాయి. ఇటలీలోని రెజ్జో ఎమీలియా పట్టణంలో 1996 నుంచి ఫ్యాక్టరీలలో మిగిలిన ముక్కలను శిశుపాఠశాలలకు చేర్చే కేంద్రం ఒకటి ఉంది. మన దగ్గర పేరు లేకపోయినా పద్ధతి ఉండనే ఉంది. పాత చీరలతో బొంత కుట్టిన ప్రతి ఇల్లూ, ఉత్తర కర్ణాటకలో కౌదీ కుట్టిన ప్రతి ఇల్లూ ఆ పని చేసినవే. ఇంటి లోపల జరిగిన ఆ పనిని పేటలో అందరికీ తెరిచి నడపాలంటే ఏ క్రమంలో ఏమేమి చేయాలో, బెంగళూరులో కొందరితో కలిసి ఇటువంటి గది ఒకటి నడుపుతున్న అనుభవంతో రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. సామాను రావడం గురించి మీరు ఒక్క రోజు కూడా దిగులు పడనక్కరలేదు. వచ్చినది బయటికి పోయే దారి లేకపోతే మూడు నెలల్లో మీ కేంద్రం ఇంకొకరి అటకగా మారిపోతుంది. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ ఒక్క చిక్కును దృష్టిలో పెట్టుకున్నదే.

మొదటి అడుగు: తీసుకునేవారిని వెతకండి

గది చూసుకోకముందే, ఎవరినీ సామాను అడగకముందే, తీసుకునేవారి జాబితా రాయండి. న్యూయార్క్ కేంద్రం పుట్టుక ఈ విషయంలో మంచి పాఠం. అక్కడి సెంట్రల్ పార్కు జంతుశాలలో మందులు దాచడానికి ఒక ఫ్రిజ్ కావలసి వచ్చింది. నగరపాలక సంస్థ సాంస్కృతిక శాఖలో పనిచేస్తున్న ఏంజెలా ఫ్రీమాంట్ అనే కళాకారిణి ఆ సంగతి రేడియో ద్వారా అడిగించగా, ఇస్తామంటూ చాలామంది ముందుకు వచ్చారు. అంటే ముందు అవసరం తెలిసింది, తరువాత వస్తువు వచ్చింది. మీరూ ఆ వరుసనే పాటించండి.

మీ కేంద్రం పెట్టదలచుకున్న చోటు నుంచి రెండు మూడు కిలోమీటర్ల లోపల ఉన్న అంగన్‌వాడీలు, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు, ప్రత్యేక అవసరాల పిల్లల బడులు, వృద్ధాశ్రమాలు, బ్లౌజులు కుట్టే ఆడవాళ్ళు, మగ్గం పని నేర్పే ఇళ్ళు, నాటక బృందాలు, అపార్టుమెంట్లలో పిల్లలకు వేసవి శిబిరాలు నడిపేవారు, ఇలా కనీసం 20 మందిని స్వయంగా కలవండి. ‘మీకు ఏం కావాలి’ అని అడిగితే ‘ఏదైనా ఫరవాలేదు’ అనే సమాధానమే వస్తుంది, దానితో మీకు ఏమీ తెలియదు. ‘పోయిన నెలలో మీరు సొంత డబ్బుతో ఏం కొన్నారు’ అని అడగండి. మందపాటి అట్ట, పెద్ద రంధ్రం ఉన్న పూసలు, చిన్న చేతులకు సరిపడే మొనలేని కత్తెరలు, లైనింగు గుడ్డ అని పేరుపేరునా చెబుతారు. ఆ సమాధానాలే మీరు ఏది తీసుకోవాలో, ఏది వద్దనాలో నిర్ణయిస్తాయి.

బెంగళూరులో తెలుగువారికి తెలుగువారు తేలికగానే దొరుకుతారు. మారతహళ్ళి, కె.ఆర్. పురం, వైట్‌ఫీల్డ్ వైపు అపార్టుమెంట్లలో ఉగాదికీ బతుకమ్మకూ కలిసే బృందాలు ఉన్నాయి, పని మొదలుపెట్టడానికి ఆ పరిచయాలు చాలును. అయితే కేంద్రాన్ని వారికే పరిమితం చేస్తే ఇచ్చేవారూ తీసుకునేవారూ ఒకే రకం మనుషులు అవుతారు. అందరి అటకల మీదా ఒకే రకం సామాను ఉంటుంది, అందరికీ లేనిది కూడా ఒకటే అవుతుంది. పక్క వీధి కన్నడ బడి టీచరూ, శివాజీనగర్ వైపు ఉర్దూ మాట్లాడే జరీ పనివారూ, తమిళం మాట్లాడే దర్జీ కూడా మీ జాబితాలో ఉండాలి. గదిలో కూర్చునేవారిలో ఒక్కరికైనా కన్నడం ధారాళంగా రావాలి.

రెండవ అడుగు: గది

మొదటి సంవత్సరానికి 300 లేదా 400 చదరపు అడుగుల గది ఒకటి సరిపోతుంది. ఈ ఊళ్ళో దుకాణం అద్దెకు తీసుకుంటే పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం మామూలే కాబట్టి, కొత్త కేంద్రానికి ఆ దారి మంచిది కాదు. అపార్టుమెంటు సంఘం వాడని క్లబ్బు గది, బడిలో ఖాళీగా ఉన్న స్టోరు గది, కల్యాణమంటపం వెనుక సామాను గది వంటివి వారానికి రెండు రోజుల వాడకానికి అడగండి. తప్పనిసరిగా నేల అంతస్తులోనే ఉండాలి. సామాను మోసేది మీరే కాబట్టి ఇందులో మొహమాటపడవద్దు. బేస్‌మెంటు ఉచితంగా ఇస్తామన్నా వద్దనండి. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు పడే ఊళ్ళో బేస్‌మెంటులో పెట్టిన కాగితానికీ గుడ్డకూ బూజు పట్టక మానదు. మేము మొదట ఒప్పుకున్నది అటువంటి గదినే. ఆ సెప్టెంబరులో ఆరు బస్తాల గుడ్డ చేజేతులా పారేసుకున్నాము.

గోడకు ఆనించకుండా నాలుగు అంగుళాలు ఎడంగా, నేలకు అరడుగు ఎత్తున ఇనుప రాకులు వేయండి. చెక్క రాకులైతే చెదలు ముందు వాటిని, తరువాత మీ కాగితాన్ని తింటాయి. గది నిండా ఉండేది కాగితమూ గుడ్డా కనుక నిప్పు విషయంలో పట్టుదలగా ఉండాలి. పౌడరు రకం అగ్నిమాపక సిలిండరు ఒకటి తలుపు దగ్గర ఉండాలి, తలుపుకు అడ్డంగా ఏ బస్తా ఉండకూడదు, ఇస్త్రీపెట్టె వాడిన ప్రతిసారీ ప్లగ్గు తీసినదీ లేనిదీ ఇంకొకరు చూడాలి. ఆయుధపూజ నాడు కత్తెరలకూ కుట్టుమిషనుకూ పూజ చేయకుండా మనవాళ్ళు ఊరుకోరు, ఊరుకోవలసిన అవసరమూ లేదు. అయితే దీపమూ అగరొత్తులూ గది బయట వాకిట్లో పెట్టించండి.

బోర్డు రాయించేటప్పుడు 2024లో కర్ణాటకలో వచ్చిన చట్ట సవరణను గుర్తుంచుకోండి. బోర్డులో 60 శాతం కన్నడం ఉండాలి, అదీ పైభాగాన ఉండాలి. తెలుగు కింద రాసుకోవచ్చు. చట్టం సంగతి అటుంచినా, వీధిలో పోయేవారికి అర్థం కావాలన్నా అదే పద్ధతి.

మూడవ అడుగు: కాగితాలు

మొదటి ఆరు నెలలు అప్పటికే ఉన్న ఏదైనా సంఘం నీడన నడపండి. విడిగా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. తరువాత సొంతంగా బ్యాంకు ఖాతా కావాలనుకుంటే 1960 నాటి కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకోవచ్చు. అందుకు కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. ఆ ఏడుగురూ ఒకే ఇంటివారు కాకుండా చూసుకోండి.

సామాను ఇచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్న పన్ను మినహాయింపు గురించి. ఆదాయపన్నులో విరాళాలకు ఇచ్చే మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చినదానికే వర్తిస్తుంది, వస్తువులకు వర్తించదు. కనుక ఎవరైనా ‘ఇరవై వేల విలువైన సామాను ఇచ్చాను, రసీదు రాయండి’ అంటే వస్తువుల పేర్లూ బరువూ రాసి ఇవ్వండి, విలువ మాత్రం రాయకండి. దుకాణాలూ కంపెనీలూ సరుకు ఇచ్చేటప్పుడు వారి అకౌంటెంటుకు ఇంకొక సందేహం వస్తుంది. ఉచితంగా ఇచ్చేసిన సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ (ఆ పన్నును తాము కట్టవలసిన పన్నులో తగ్గించుకునే వీలు) దక్కదు కాబట్టి, కొందరు దానిని తుక్కు కింద నామమాత్రపు ధరకు బిల్లు వేసి ఇవ్వడానికి ఇష్టపడతారు. ఆ నిర్ణయం వారికే వదిలేయండి. మీరు ఆ బిల్లునూ డెలివరీ చలానునూ ఒక ఫైలులో పెట్టుకుంటే చాలు.

నాల్గవ అడుగు: గుమ్మం దగ్గర వద్దనడం

కేంద్రం నిలబడేదీ కూలబడేదీ ఇక్కడే. సామాను లోపలికి వచ్చిన తరువాత తీసివేయడానికి పట్టే శ్రమ, గుమ్మం దగ్గర వద్దనడానికి పట్టే శ్రమకు పది రెట్లు ఉంటుంది. అందుచేత సామాను తీసుకునే సమయాన్ని వారానికి రెండు గంటలకు కుదించండి, ఆ రెండు గంటలూ మొహమాటం లేని మనిషిని గుమ్మం దగ్గర కూర్చోబెట్టండి. తాళం వేసిన తలుపు ముందు రాత్రిపూట సంచులు వదిలిపోయే అలవాటు తప్పక మొదలవుతుంది. వాచ్‌మన్‌కు ముందే చెప్పి పెట్టుకోండి.

తీసుకోదగినవి చాలా ఉన్నాయి. అరమీటరుకు తక్కువ కాని గుడ్డ ముక్కలు, చీర అంచులు, ఫాల్ గుడ్డ, లేసులు, జిప్పులు, గుండీలు, హుక్కులు, పూసలు, కుందన్లు, చమ్కీలు, ఊలు ఉండలు, క్రోషా సూదులు, కుట్టు ఫ్రేములు, కుంచెలు, మూత తెరవని రంగులు, చార్టులు, క్విల్లింగ్ పట్టీలు, సన్‌మైకా నమూనా ముక్కలు, సోఫా గుడ్డల నమూనా పుస్తకాలు, తాను చుట్టిన అట్ట గొట్టాలు, చిన్న అట్టపెట్టెలు, గాజు సీసాలలో మూత సరిగా పట్టేవి. గాజులు మాత్రం పగలనివే తీసుకోండి. పగిలిన మట్టిగాజులు అందంగా ఉన్నాయని ఉంచుకుంటే ఏదో ఒక రోజు పిల్లల చేతులు తెగుతాయి.

వద్దనవలసిన వాటిలో కొన్నింటికి కారణం తెలిసి ఉండాలి. ఇళ్ళకు వేసే రంగులలో సీసం కిలోకు 90 మిల్లీగ్రాములు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది, కనుక అంతకు ముందు కొన్న పెయింటు డబ్బాలను, ముఖ్యంగా పసుపు, ఎరుపు రంగులవాటిని, మూత తెరవనివైనా తీసుకోకూడదు. థిన్నరు, స్ప్రే డబ్బాలు, తెరిచిన జిగురు సీసాలు నిప్పుకు దగ్గరి చుట్టాలు. పాట పాడే గ్రీటింగు కార్డులలోనూ, మెరిసే బొమ్మలలోనూ గుండీ ఆకారపు బ్యాటరీ ఉంటుంది. పసిపిల్లలు దానిని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చివేయగలదు. దానిని ఎవరి కార్డులోనైనా చూస్తే కార్డుతో సహా వెనక్కి ఇచ్చివేయండి. బూజు వాసన వచ్చే గుడ్డ, వాడిన సిరంజిలు, ఆస్బెస్టాస్ రేకు ముక్కలు, విరిగిన థర్మాకోలు గురించి చర్చే అక్కరలేదు. స్టెన్సిళ్ళకు పనికివస్తాయని కొందరు పాత ఎక్స్‌రే ఫిల్ములు తెస్తారు. వాటి మీద రోగి పేరూ వయసూ ఉంటాయి కనుక తీసుకోవద్దు. ఆఫీసుల నుంచి వచ్చే ఒకవైపు ముద్రించిన కాగితం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మాకు ఒకసారి వచ్చిన కట్టలో జీతాల పట్టీలు ఉన్నాయి. అంగన్‌వాడీ పిల్లలు వాటి వెనుక ఏనుగులు గీసేదాకా ఎవరూ చూడలేదు.

శుభలేఖల సంగతి విడిగా చెప్పాలి. మందమైన కాగితం, బంగారు అంచు, రిబ్బను, ఒక్కొక్కసారి చిన్న పెట్టె, ఇవన్నీ చేతిపనికి ఎంతో బాగుంటాయి. అయితే శుభలేఖ మీద వినాయకుడో వేంకటేశ్వరుడో ఉంటాడు గనుక ఏ ఇంట్లోనూ వాటిని చెత్తలో వేయరు, పదేళ్ళవి దాచి ఉంచుతారు. మీ కేంద్రం తెరిచిందని తెలియగానే ఆ పదేళ్ళ భారమూ మీ గుమ్మానికి వస్తుంది. వాటిని తీసుకునేవారిలో కూడా దేవుడి బొమ్మను కత్తిరించడానికి చేయి ఆడనివారు ఉంటారు. మేము అనుసరించే పద్ధతి ఇది. ఇంటికి 20 కార్డులకు మించి తీసుకోము. దేవుడి బొమ్మ ఉన్న భాగాన్ని ముందే చక్కగా వేరుచేసి, ఒక పెట్టెలో విడిగా పెడతాము. బొమ్మల కొలువుకు తోరణాలూ మందిరాలూ చేసేవారు దసరా ముందు ఆ పెట్టెను ఖాళీ చేస్తారు. పేర్లూ ఫోను నంబర్లూ ఉన్న లోపలి కాగితాన్ని చించి పొడిచెత్తకు పంపుతాము. మిగిలిన వట్టి అట్ట, అంచు, రిబ్బను మాత్రమే రాకులోకి వెళతాయి.

వద్దనేటప్పుడు నొప్పించకుండా చెప్పడం కూడా నేర్చుకోవలసినదే. ‘ఇది పనికిరాదు’ అంటే ఇచ్చినవారికి తమ అమ్మ దాచిన వస్తువును తూలనాడినట్టు ఉంటుంది. ‘అమ్మా, ఇది మా దగ్గర అడిగేవారు లేరు, మీ వార్డు పొడిచెత్త కేంద్రంవారు తీసుకుంటారు’ అని దారి చూపించండి. ఈ నగరంలో చెత్తను తడి, పొడి, హానికరం అని ఇంటి దగ్గరే వేరుచేయాలని 2015లో హైకోర్టు ఆదేశించింది, వార్డులలో పొడిచెత్త కేంద్రాలు ఉన్నాయి, వాటిలో కొన్నింటిని చెత్త ఏరుకుని బతికేవారే నడుపుతున్నారు. న్యూస్‌పేపర్లు, మామూలు అట్టపెట్టెలు, ప్లాస్టిక్ సీసాల మీద వారికి ఆదాయం ఉంటుంది. అటువంటివి మీరు పోగుచేసి వారి నోటి దగ్గరి ముద్ద లాక్కోకండి. తుక్కుగా ధర పలికేదానిని వారికీ, తుక్కుగా ధర లేకపోయినా చేతిపనికి విలువ ఉన్నదానిని మీకూ అనుకుంటే తగవు ఉండదు.

ఐదవ అడుగు: ఇళ్ళు దాటి మూలాలు

ఇళ్ళ నుంచి వచ్చేది రకరకాలుగా, కొద్దికొద్దిగా వస్తుంది. ఒక తరగతిలో 40 మంది పిల్లలకు ఒకే రకం వస్తువు కావాలంటే దుకాణాలను ఆశ్రయించాలి. చిక్‌పేట చీరల దుకాణాలలో అట్టలూ గొట్టాలూ, అవెన్యూ రోడ్డు కాగితపు దుకాణాలలో అంచు నలిగిన రీములూ, సోఫా గుడ్డలు అమ్మేచోట సీజను మారినప్పుడు పాతబడిన నమూనా పుస్తకాలూ, ఇంటీరియర్ పని చేసేవారి ఆఫీసులలో సన్‌మైకా, టైల్సు నమూనాలూ ప్రతి ఏడూ మిగులుతాయి. ఐటీ కంపెనీల సభల తరువాత మెడలో వేసుకునే కార్డు తాళ్ళు వందల కొద్దీ దొరుకుతాయి. వాటితో సంచుల పట్టీలు కుట్టే ఆడవాళ్ళను మీరు ముందే చూసుకున్నట్టయితే తెచ్చుకోండి, లేకపోతే వదిలేయండి.

చాలామంది మొదటి రోజే పీణ్యకో మైసూరు రోడ్డుకో గార్మెంటు ఫ్యాక్టరీ వెతుక్కుంటూ బయలుదేరతారు. అక్కడ కత్తిరింపు ముక్కలు కొండలుగా ఉండే మాట నిజమే. కాని పెద్ద ఫ్యాక్టరీలలో ఆ ముక్కలు సాధారణంగా కాంట్రాక్టు మీద తుక్కు వ్యాపారికి పోతాయి, విదేశీ బ్రాండ్ల లేబుళ్ళూ గుర్తులూ ఉన్నవాటిని ముక్కలు చేసి తీరాలన్న షరతు కూడా ఉంటుంది. సూపర్‌వైజరు మంచి మనసుతో ఇచ్చినా అది ఆయన ఉద్యోగానికి ముప్పు తేవచ్చు. దానికన్నా మీ పేటలోని పది మంది బ్లౌజు దర్జీలతో మాట్లాడి, తలా ఒక సంచి ఇచ్చి, పదిహేను రోజులకొకసారి నిండిన సంచి తెచ్చుకోవడం మేలు. పట్టు, బ్రొకేడు, లైనింగు ముక్కలను వేర్వేరు మూటలుగా కట్టి సంచిలో వేయమని చెబితే కొందరు వేస్తారు, కొందరు వేయరు. వేయనివారి సంచి కూడా తెచ్చుకోండి.

ఆరవ అడుగు: వేరుచేయడం

వచ్చిన గుడ్డనూ ఊలునూ నేరుగా రాకులోకి పంపకూడదు. మూత ఉన్న డబ్బాలో రెండు వారాలు విడిగా ఉంచి, ఎండ బాగా ఉన్న రోజున దులిపి ఆరబెట్టి, పురుగు గాని గుడ్లు గాని కనిపించకపోతేనే లోపలికి తీసుకోవాలి. ఎండిన వేపాకు పొట్లాలు వేయడం మన పెద్దల అలవాటు, అది కొనసాగించవచ్చు. నాఫ్తలీన్ ఉండలు మాత్రం చిన్నపిల్లలు వచ్చే గదిలో వద్దు.

పేరు తెలియని గుడ్డా దారమూ ఎన్నో వస్తాయి. ఏది ఏమిటో తెలిస్తేనే అడిగినవారికి సరిగా ఇవ్వగలరు కాబట్టి, ఒక పోగు తీసి, గది బయట, నీళ్ళు పక్కన పెట్టుకుని, పట్టకారుతో పట్టి కాల్చి చూడండి. నూలు కాగితంలా మండి మెత్తని బూడిద అవుతుంది. పట్టు, అసలు ఉన్ని జుట్టు కాలిన వాసన వేసి, నిప్పు తీయగానే ఆరిపోయి, చిదిమితే పొడి అయ్యే నల్లని ముద్ద మిగులుస్తాయి. పాలిస్టరు, ఆక్రిలిక్ కరిగి గట్టి ఉండ కడతాయి. బజారులో ఊలు పేరుతో దొరికేదానిలో అధికభాగం ఆక్రిలిక్కే కాబట్టి ఫలితం చూసి నిరాశపడకండి. ఇక పాత కుట్టుదారం రీళ్ళను రెండు చేతులతో లాగి చూడాలి; పుటుక్కున తెగేది మిషనులో అడుగడుగునా తెగి కుట్టేవారి ఓపిక పరీక్షిస్తుంది, దానిని పిల్లల అతుకుడు పనికి మళ్ళించండి. ముదురు రంగు గుడ్డను తడి తెల్లగుడ్డతో రుద్ది, రంగు దిగితే ఆ మాట చీటీ మీద రాయండి.

వేరుచేసేటప్పుడు ‘దసరాకు’, ‘స్కూలుకు’ అని ఉపయోగాన్ని బట్టి కాక, వస్తువును బట్టి పెట్టాలి. గుండీలు ఒకచోట, లేసులు ఒకచోట ఉంటే వచ్చినవారే వాటికి ఉపయోగం వెతుక్కుంటారు. తరువాత చిన్న చిన్న కట్టలుగా కట్టాలి: 25 గుండీల పొట్లం, పది లేసు ముక్కల చుట్ట, నాలుగు రంగుల ఊలు సంచి. పెద్ద డబ్బాలో కలగాపులగంగా పడి ఉన్న గుండీలను మూడు నెలలుగా ఎవరూ ముట్టుకోలేదు; వాటినే పొట్లాలు కట్టి లోపలిది కనిపించే సంచులలో వేలాడదీస్తే రెండు శనివారాలలో అయిపోయాయి. చీటీ మీద కన్నడం, తెలుగు, ఇంగ్లీషు మూడూ రాయండి, మూలన ఆ నెల రంగు చుక్క ఒకటి అంటించండి. ఆ చుక్క ఎందుకో కింద చెబుతాను. మూడేళ్ళలోపు పిల్లలకు చిన్న పూసలూ అయస్కాంతాలూ ఇవ్వకూడదని రాకు మీదే రాసి పెట్టండి.

ఏడవ అడుగు: ధర

అంతా ఉచితం అని పెడితే మొదట వచ్చినవారు రెండు గోనెలు నింపుకుని పోతారు, టీచరు వచ్చేసరికి ఖాళీ రాకులు మిగులుతాయి. పైగా ఉచితంగా తెచ్చుకున్నది మళ్ళీ ఆ ఇంటి అటకకే చేరుతుంది. ప్రతి వస్తువుకూ ధర చీటీ అంటించడం కూడా అలవికాని పని. మధ్యస్థంగా సంచి పద్ధతి అనుకూలంగా ఉంటుంది. మీరు ఇచ్చే ఒకే కొలత గుడ్డ సంచిలో ఎంత పడితే అంతకు ఒకే ధర. గుడ్డ మాత్రం తూకానికి. తూకానికి అమ్మితే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటానే వాడండి. అంగన్‌వాడీ, ప్రభుత్వ బడి టీచర్లకు నెలకు ఒక సంచి ఉచితం. అద్దె, కరెంటు, సంచులు, ఆటో ఖర్చులు కలిపి నెలకు ఎంత అవుతుందో రాసుకుని, నెలకు అమ్ముడుపోగల సంచుల సంఖ్యతో భాగించి సంచి ధర నిర్ణయించండి. దుకాణం ధరలో మూడోవంతుకు మించితే కొనేవారు నేరుగా చిక్‌పేటకే వెళతారు.

ఎనిమిదవ అడుగు: మనుషులు

ముగ్గురు చాలు, కాని ఆ ముగ్గురూ స్థిరంగా ఉండాలి: గుమ్మం దగ్గర ఒకరు, వేరుచేయడానికి ఒకరు, లెక్క రాయడానికి ఒకరు. చేతిపని మీద ప్రేమ ఉన్నవారే ఈ పనికి వస్తారు, వారికే ప్రతి ముక్కా దాచుకోవాలనిపిస్తుంది. నేనూ అందుకు మినహాయింపు కాదు, మా ఇంట్లో ఒక బీరువా అందుకు సాక్ష్యం. అందువల్ల మొదటి రోజునే ఒక నియమం పెట్టండి. సంచి విప్పిన రోజున స్వచ్ఛంద సేవకులు ఏదీ తీసుకోరాదు. అది రాకులోకి చేరి, ఒక శనివారం అందరి ముందూ ఉండి, అప్పటికీ మిగిలితే అందరిలాగే సంచి ధర ఇచ్చి తీసుకోవచ్చు. ఈ నియమం లేని చోట మంచి జరీ అంతా గుమ్మం దగ్గరే మాయమైందన్న మాట ఊరంతా పాకుతుంది, అందులో కొంత నిజం కూడా ఉంటుంది.

తొమ్మిదవ అడుగు: క్యాలెండరు

సామాను వచ్చే కాలమూ పోయే కాలమూ వేరు. సంక్రాంతి, ఉగాది ముందు ఇల్లు దులిపినప్పుడూ, ఏప్రిల్, మే నెలలలో ఇళ్ళు మారేటప్పుడూ సంచులు వచ్చి పడతాయి. జూన్‌లో బడులు తెరిచాక కాగితం, అట్ట పోతాయి. శ్రావణంలో వరమహాలక్ష్మి వ్రతానికి అమ్మవారిని అలంకరించేందుకు లేసులు, రాళ్ళు, చీర అంచులు అడుగుతారు. ఈ ఊళ్ళో ఆ వ్రతం ఎంత ఘనంగా జరుగుతుందో తెలిసిందే. దసరాకు బొమ్మల కొలువు, డిసెంబరులో బడి వార్షికోత్సవాలు, జనవరిలో సంక్రాంతికి ఎళ్ళు-బెల్లం (నువ్వులూ బెల్లమూ కలిపినది) పంచడానికి చిన్న పెట్టెలూ పొట్లాలూ. ఆ చిన్న పెట్టెలను ఏడాది పొడవునా చదునుగా మడిచి దాచి, డిసెంబరు ఆఖరున బయటపెడితే వారంలో అయిపోతాయి. పండుగకు మూడు వారాల ముందు ఆ సామాను గుమ్మానికి దగ్గరి రాకులోకి తెచ్చిపెట్టండి.

పదవ అడుగు: చుక్కలు చూసి తీసివేయడం

వచ్చిన బరువూ పోయిన బరువూ ఒక నోటుపుస్తకంలో వారం వారం రాయండి. వరుసగా నాలుగు వారాలు రాక పోకను మించితే తీసుకోవడం ఆపాలి. నెల నెలకూ మారే రంగు చుక్కలు ఇక్కడ పనికివస్తాయి. మూడు నెలల కిందటి రంగు ఏ రాకులో ఎక్కువగా కనిపిస్తుందో ఆ వస్తువును సగం ధరకు పెట్టండి, ఇంకొక నెల ఆగి గుమ్మం బయట ఉచితం బుట్టలో వేయండి, అప్పటికీ ఉంటే పొడిచెత్త కేంద్రానికి పంపండి. గుడ్డ ముక్కలైతే మధ్యలో ఇంకొక దారి ఉంది: నెలకొక ఆదివారం కౌదీ కుట్టడం వచ్చిన పెద్దావిడను ఒకరిని పిలిచి, బొంత కుట్టడం నేర్పించే కూటమి పెడితే, ఎవరూ అడగని ముక్కలే ముందు ఖర్చవుతాయి. ఆవిడకు ఆ రోజు కూలి తప్పక ఇవ్వండి, పని నేర్పినందుకు దండ వేసి పంపించేయకండి.

తీసుకోవడం ఆపిన రోజున బోర్డు మీద ‘ఈ నెల సామాను తీసుకోము, మీకు కావలసినది తీసుకువెళ్ళండి’ అని రాసి, కింద అప్పుడు ఎవరికి ఏది అవసరమో రెండు మూడు పేర్లు రాయండి. మా బోర్డు మీద ఈ వారం ఉన్నవి పెద్ద రంధ్రం పూసలూ, ఎడమచేతి వాటం పిల్లలకు కత్తెరలూ. కత్తెరలు నిన్ననే దొరికాయి.